సూదిమొనంత కంటిపాప: పురుగుమందు ఒక్కటే కారణమా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఎవరైనా పొలంలో మందు కొడుతూ కుప్పకూలినా, ఇంట్లో స్పృహ లేకుండా కనిపించినా, ఆసుపత్రికి చేర్చేలోపే ఒక పరీక్ష జరిగిపోతుంది. ఆర్‌ఎంపీ వైద్యుడో, 108 సిబ్బందో, కొన్నిసార్లు పక్కింటి చదువుకున్న కుర్రవాడో రెప్ప ఎత్తి, కంట్లోకి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తారు. కంటిపాప సూదిమొనంతగా కుంచించుకుపోయి ఉంటే "పురుగుమందే" అనే మాట వెంటనే వచ్చేస్తుంది. వరి, పొగాకు, మిరప, పత్తి, శనగ పండించే ఈ ప్రాంతంలో ఆ అనుమానం సహజమే, చాలాసార్లు నిజం కూడా అవుతుంది. కానీ అదే సూదిమొన కంటిపాప మెదడు కాండంలో రక్తస్రావం జరిగినవారిలోనూ, నొప్పి మాత్రలు మోతాదు మించినవారిలోనూ, నీటికాసులకు (గ్లాకోమాకు) చుక్కలు వేసుకునే వృద్ధులలోనూ కనిపిస్తుంది. ఒక కన్ను మాత్రమే చిన్నదైతే కారణాల జాబితాయే వేరు. అందువల్ల చిన్న కంటిపాపను దాని పక్కన కనిపించే మరికొన్ని లక్షణాలతో కలిపి చదివినప్పుడే దానికి అర్థం ఏర్పడుతుంది. ఆ చదవడం ఎలా జరుగుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఎంత ఉంటే చిన్నది అనాలి

కంటి నల్లగుడ్డు మధ్యలో కనిపించే గుండ్రని నల్లని రంధ్రమే కంటిపాప. దాని చుట్టూ గోధుమరంగులోనో ముదురు రంగులోనో ఉండే పొరను ఐరిస్ అంటారు. వెలుతురు ఎక్కువైతే ఐరిస్ ఈ రంధ్రాన్ని కుదిస్తుంది, చీకటిలో విప్పుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో కంటిపాప వ్యాసం మంచి వెలుతురులో సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్లు, చీకటిలో 4 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది. మామూలు వెలుతురులో 2 మిల్లీమీటర్లకన్నా తక్కువగా ఉండి, చీకటిలోనూ తగినంతగా విప్పారకపోతే వైద్యులు దానిని మయోసిస్ అంటారు. ఒక మిల్లీమీటరు దరిదాపులకు వస్తే అది సూదిమొన కంటిపాప.

ఈ అంకెలను వయసుతో కలిపి చూడాలి. ఇరవై ఏళ్ల యువకుడి కంటిపాప చీకటిలో 7 మిల్లీమీటర్ల వరకు విప్పుకుంటే, ఎనభై ఏళ్ల వృద్ధుడిలో అది 4 మిల్లీమీటర్లు దాటడం కూడా కష్టమే. వయసు పెరిగేకొద్దీ పాపను విప్పే కండరం బలహీనపడటమే ఇందుకు కారణం. మాపటేళ వరండాలో కూర్చుని పేపరు చదివే తాతగారికి లైటు కావలసి రావడం, పక్కనే ఉన్న మనవడికి అక్కరలేకపోవడం కొంతవరకు దీనివల్లనే. నవజాత శిశువులలోనూ, నిద్రలో ఉన్నవారిలోనూ కంటిపాప చిన్నదిగానే ఉంటుంది. ఇవేవీ జబ్బులు కావు.

కంటిపాప కుదింపు చూపును ఎంత తగ్గిస్తుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. కంట్లోకి వెళ్లే వెలుతురు పాప వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది. 4 మిల్లీమీటర్ల పాప 1 మిల్లీమీటరుకు కుదిస్తే లోపలికి వెళ్లే వెలుతురు నాలుగో వంతుకు కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. మందు కొట్టి వచ్చిన రైతు పట్టపగలే "కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి" అంటే అందులో నీరసంతోపాటు ఈ లెక్క కూడా ఉండవచ్చు.

రెండు కండరాలు, రెండు నాడీ వ్యవస్థలు

ఐరిస్‌లో రెండు కండరాలు ఉంటాయి. కంటిపాప అంచు చుట్టూ వలయంలా ఉండేది సంచి మూతికి కట్టిన తాడులా బిగిసి రంధ్రాన్ని కుదిస్తుంది. రెండోది చక్రపు ఆకుల దిశలో పరుచుకుని ఉండి, బయటివైపు లాగి రంధ్రాన్ని విప్పుతుంది. కుదించే కండరానికి ఆజ్ఞ పారాసింపథెటిక్ నాడుల నుంచి వస్తుంది. మధ్యమెదడులోని ఒక చిన్న కేంద్రంలో బయలుదేరి, మూడో కపాల నాడి వెంట వచ్చి, చివరికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి పని జరిపిస్తుంది. విప్పే కండరానికి ఆజ్ఞ ఇచ్చేది సింపథెటిక్ నాడి. దీని దారి చాలా పొడవైనది. మెదడు అడుగున ఉన్న హైపోథలమస్‌లో మొదలై, మెదడు కాండం గుండా వెన్నుపాములోకి దిగి, మెడ కింది భాగం దగ్గర బయటికి వచ్చి, ఊపిరితిత్తి పైకొనను ఆనుకుని పైకి తిరిగి, మెడలోని కెరోటిడ్ ధమని గోడ వెంట పాకి కంటిని చేరుతుంది. అక్కడ అది వాడే రసాయనం నార్‌ఎడ్రినలిన్.

కాబట్టి కంటిపాప చిన్నదవడానికి ఉన్న దారులు మూడే. కుదించే ఆజ్ఞ మితిమీరాలి, లేదా విప్పే ఆజ్ఞ తెగిపోవాలి, లేదా ఐరిస్ తానే వాచి అతుక్కుపోయి కదలలేని స్థితికి రావాలి. కింద చెప్పే ప్రతి కారణమూ ఈ మూడింటిలో ఏదో ఒక దారినే వస్తుంది.

పురుగుమందు కంటిలో చేసే పని

ఎసిటైల్‌కోలిన్ తన పని చేసిన మరుక్షణం దానిని విరగ్గొట్టడానికి శరీరంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ వర్గపు పురుగుమందులు ఈ ఎంజైమును పట్టుకుని పనిచేయకుండా ఆపుతాయి. క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్, డైమిథోయేట్, ఎసిఫేట్, మోనోక్రోటోఫాస్ ఈ వర్గానివే. ఎంజైము ఆగిపోతే ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి, అది పనిచేసే ప్రతిచోటా ఆజ్ఞ ఆగకుండా సాగుతుంది. కంట్లో వలయ కండరం బిగిసిపోతుంది. నోట్లో చొంగ, కళ్ల నీళ్లు, ఒళ్లంతా చెమట, వాంతులు, విరేచనాలు, తెలియకుండా మూత్రం పోవడం కనిపిస్తాయి. ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండి గురగుర శబ్దం వస్తుంది, చాలామందిలో గుండె నెమ్మదిస్తుంది, కండరాలు చర్మం కింద చిన్నచిన్నగా అదురుతాయి. ప్రాణం తీసేది వీటిలో ముఖ్యంగా ఊపిరి అందకపోవడమే. కంటిపాప వల్ల ఎవరూ చనిపోరు, అది లోపల జరుగుతున్నదాన్ని బయటికి చూపిస్తుంది, అంతే.

కార్బోఫ్యూరాన్, కార్బరిల్ వంటి కార్బమేట్ వర్గపు మందులు కూడా ఇదే ఎంజైమును పట్టుకుంటాయి, కానీ ఆ పట్టు కొన్ని గంటల్లో దానంతటదే సడలుతుంది. తొలి గంటల్లో మాత్రం రెండు వర్గాల లక్షణాలనూ వేరు చేయడం కష్టం.

ఇక్కడ జనంలో ఉన్న ఒక గందరగోళాన్ని విప్పాలి. "పురుగుమందు" అనే ఒకే మాట కింద రకరకాల రసాయనాలు ఉన్నాయి, వాటన్నిటికీ కంటిపాప ఒకేలా స్పందించదు. కలుపు మందు పారాక్వాట్ కంటిపాపను కుదించదు. అది నోటిని, గొంతును కాల్చి, మూత్రపిండాలను, రోజులు గడిచేకొద్దీ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు కూడా లేదు. అటువంటి రోగి తొలి గంటల్లో మాట్లాడుతూ, కంటిపాపలు మామూలుగా ఉండి, "ఏమీ కాలేదు" అన్నట్టే కనిపిస్తాడు. ఈ రోజుల్లో విరివిగా వాడే ఇమిడాక్లోప్రిడ్ వర్గపు మందులు, సైపర్‌మెత్రిన్ వంటి పైరెత్రాయిడ్లు కూడా సూదిమొన పాపకు పెట్టింది పేరు కావు. అందుకే మామూలు కంటిపాపను చూసి ధైర్యపడటం, సూదిమొన పాపను చూసి భయపడటంకన్నా ప్రమాదకరమైన పొరపాటని నా అభిప్రాయం. ఆసుపత్రికి మందు డబ్బా కూడా వెంట వస్తే వైద్యుడికి సగం పని తగ్గేది ఈ కారణంగానే.

కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో 18 పురుగుమందులను నిషేధించింది. వాటిలో మిథైల్ పారాథియాన్ వెంటనే నిషేధానికి గురికాగా, డైక్లోర్వాస్, ఫోరేట్, ట్రయజోఫాస్ వంటివి 2020 డిసెంబరు 31 నుంచి ఆగాయి. వీటిలో అనేకం ఆర్గానోఫాస్ఫేట్లే. అయినా ఆ వర్గం మొత్తం మార్కెట్ నుంచి పోలేదు. పైగా, విషం తగలడానికి పొలానికే వెళ్లనక్కరలేదు. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనంలో మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. కనుక "మావాడు పొలం ముఖమే చూడలేదు" అన్న మాటతో ఈ అనుమానాన్ని పూర్తిగా కొట్టేయడం వైద్యులకు కుదరదు.

కంటికి తగిలిందా, ఒంటికి ఎక్కిందా

1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో ఒక మత వర్గం సారిన్ అనే విషవాయువును వదిలింది. సారిన్ కూడా ఆర్గానోఫాస్ఫేటే, పొలంలో వాడేవాటికన్నా ఎన్నో రెట్లు తీవ్రమైనది. ఆనాడు 5,000 మందికి పైగా ఆసుపత్రులకు చేరగా, వారిలో అత్యధికులకు కనిపించిన లక్షణం కంటిపాపలు కుదించుకుపోవడం, లోకమంతా చీకటిగా కనిపించడం. వారిలో చాలామందికి ఊపిరి బాగానే ఉంది, వారు కోలుకున్నారు. ఆవిరి నేరుగా కంటికి తగలడం వల్ల పాప కుదించిందే తప్ప, ప్రాణం మీదికి వచ్చేంత విషం వారి రక్తంలోకి వెళ్లలేదు.

మన పొలాల్లోనూ ఇదే జరగవచ్చు. గాలికి ఎదురుగా నిలబడి పిచికారీ చేసిన కూలీకి మందు తుంపర కంట్లో పడితే ఒకటో రెండో కంటిపాపలు కుదించి, కనుబొమల దగ్గర నొప్పి, మసక కలుగుతాయి. ఒంట్లో మరే లక్షణమూ ఉండకపోవచ్చు. దీనికి విరుద్ధంగా, విషం తాగిన కొందరిలో సింపథెటిక్ నాడుల కూడళ్లు కూడా రెచ్చిపోవడం వల్ల తొలి దశలో గుండె వేగంగా కొట్టుకుంటూ కంటిపాప పెద్దదిగా కనిపించడమూ ఉంది. అంటే కంటిపాప పరిమాణం విషం మోతాదుకు నమ్మదగిన కొలమానం కాదు.

ప్రకాశం జిల్లాకు ప్రత్యేకమైన మరో చిక్కు కూడా ఉంది. కొండపి, టంగుటూరు వైపు పొగాకు కోతల కాలంలో తడిసిన పచ్చాకును చేతులతో, చంకలతో మోసే కూలీలకు చర్మం గుండా నికోటిన్ ఎక్కుతుంది. తల తిరగడం, వికారం, వాంతులు, చెమట, నీరసం దాని లక్షణాలు. దీన్నే పచ్చపొగాకు జబ్బు అనవచ్చు. అదే చేలో నాలుగు రోజుల కింద మందు కొట్టి ఉంటే, పడిపోయిన కూలీకి ఎక్కింది నికోటినా, పురుగుమందా అన్న ప్రశ్న నిజంగానే కష్టమవుతుంది. నికోటిన్ విషయంలో కంటిపాప సాక్ష్యం నిలకడైనది కాదు, మొదట చిన్నదై తర్వాత పెద్దది కావచ్చు. పాపలు రెండూ స్థిరంగా సూదిమొనల్లా ఉండి, చొంగ కారుతూ, కండరాలు అదురుతూ ఉంటే తూకం పురుగుమందు వైపు మొగ్గుతుంది. రక్తంలో కోలినెస్టరేజ్ స్థాయి బాగా పడిపోయి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

ఎట్రోపిన్ ఎంత ఇవ్వాలో కంటిపాప చెబుతుందా

ఆర్గానోఫాస్ఫేట్ విషానికి ముఖ్యమైన విరుగుడు ఎట్రోపిన్. అది ఎసిటైల్‌కోలిన్ కూర్చునే స్థానాన్ని ఆక్రమించి ఆజ్ఞను అడ్డుకుంటుంది. మన గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలో ఉండేదీ ఈ కుటుంబపు రసాయనమే. ఉమ్మెత్త గింజలు తిన్నవారికి పురుగుమందు రోగులకు సరిగ్గా వ్యతిరేకమైన స్థితి కలుగుతుంది: నోరు ఎండి, ఒళ్లు కాలి, కంటిపాపలు బాగా విప్పారి, పలవరిస్తారు.

ఎట్రోపిన్ ఎప్పటి వరకు ఇవ్వాలన్న విషయంలో వైద్యుల్లో రెండు ధోరణులు కనిపిస్తాయి. పాతకాలపు శిక్షణలో కంటిపాప పూర్తిగా విప్పారడాన్ని, గుండె వేగం బాగా పెరగడాన్ని మోతాదు సరిపోయిందనడానికి గుర్తుగా తీసుకునేవారు. కంటిపాపను ఎవరైనా, ఏ పరికరమూ లేకుండా, నర్సు కూడా గంటగంటకూ చూడగలగడం ఆ పద్ధతికి ఉన్న బలం. రోగులతో కిక్కిరిసిన వార్డులో ఆ సౌలభ్యం చిన్నదేమీ కాదు. ఇటీవలి ధోరణి వేరుగా ఉంది. స్టెతస్కోపుకు ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపించడం, గుండె నిమిషానికి 80 దాటి కొట్టుకోవడం, పై రక్తపోటు 80 దాటడం, చంకలు పొడిబారడం, కంటిపాప సూదిమొన స్థితి నుంచి బయటపడటం అనే అయిదింటినీ కలిపి చూడాలంటుంది. ఇక్కడ కంటిపాప అయిదింటిలో ఒకటి మాత్రమే. అది పూర్తిగా విప్పారనక్కరలేదు, పైగా అన్నిటికన్నా ఆలస్యంగా మారేది కూడా అదే కావచ్చు. మందు నేరుగా కంట్లో పడినవారిలో రక్తనాళంలోకి ఇచ్చే ఎట్రోపిన్ చాలినా పాప ఇంకా చిన్నదిగానే ఉండిపోవచ్చు. ఆ పాపనే చూస్తూ ఎట్రోపిన్ పెంచుకుంటూ పోతే రోగి ఉమ్మెత్త తిన్నవాడిలా పలవరింతలోకి, జ్వరంలోకి జారుతాడు. చెమట పూర్తిగా ఆగిపోయిన మనిషికి రోహిణి కార్తె ఎండల్లో ఏసీ లేని వార్డులో ఒంటి వేడి ప్రమాదకరంగా పెరగడానికి ఎక్కువసేపు పట్టదు. ఈ రెండు ధోరణుల్లో రెండోదానికే ఆధారం బలంగా ఉందని తోస్తుంది, కానీ అది రోగి పక్కన మాటిమాటికీ స్టెతస్కోపు పెట్టి వినే మనిషిని కోరుతుంది.

తడిగా ఉన్న రోగి, పొడిగా ఉన్న రోగి

సూదిమొన కంటిపాపలకు రెండో పెద్ద కారణం నల్లమందు కుటుంబపు మందులు. మార్ఫిన్, కోడీన్, ఫెంటనిల్, హెరాయిన్ ఈ కోవలోవి. మధ్యమెదడులోని కుదించే కేంద్రానికి మామూలుగా ఉండే అదుపును ఇవి సడలిస్తాయి. కాబట్టి పాప బిగుస్తుంది. స్పృహ తప్పడం, ఊపిరి మందగించడం, సూదిమొన పాపలు అనే మూడూ కలిసి ఉంటే వైద్యులు మొదట తలుచుకునేది వీటినే, దానికి విరుగుడు నాలోక్సోన్. ట్రమడాల్ కూడా ఈ కుటుంబానికి దగ్గరిదే, కాకపోతే పాపపై దాని ప్రభావం అంత స్పష్టంగా ఉండదు. దుర్వినియోగం కారణంగా దానిని 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. క్యాన్సర్ నొప్పికి వైద్యుల పర్యవేక్షణలో మార్ఫిన్ వాడేవారిలో చిన్న కంటిపాపలు నెలల తరబడి ఉంటాయి. ఒళ్లు మందుకు అలవాటుపడినా కంటిపాప పెద్దగా అలవాటుపడదు. కాబట్టి అటువంటి రోగి హాయిగా మాట్లాడుతూ ఉంటే పాప ఒక్కటి చిన్నదిగా ఉండటం ఆందోళన చెందాల్సిన విషయం కాదు.

బీపీకి వాడే క్లోనిడిన్‌ను చిన్నపిల్లలు పొరపాటున మింగినప్పుడు, కొన్ని మానసిక వ్యాధుల మందులు ఎక్కువైనప్పుడు, కల్తీ కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేట్ వల్ల కూడా మత్తుతోపాటు చిన్న కంటిపాపలు రావచ్చు.

మూడో పెద్ద కారణం మెదడు కాండంలోని పాన్స్ అనే భాగంలో రక్తస్రావం. అదుపు తప్పిన బీపీ దీనికి తరచూ మూలం. పాన్స్ గుండా దిగే సింపథెటిక్ దారులు రెండువైపులా తెగిపోవడంతో కుదించే ఆజ్ఞకు ఎదురు లేకుండా పోతుంది. పాపలు ఎంత చిన్నవైపోతాయంటే, లైటుకు అవి కదులుతున్నాయో లేదో తెలుసుకోవడానికి భూతద్దం పెట్టి చూడవలసి వస్తుంది, చాలాసార్లు ఆ కాస్త కదలిక మిగిలే ఉంటుంది.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒంగోలులోని ఒక ఆసుపత్రి క్యాజువాలిటీకి ఒకే రాత్రి ముగ్గురు స్పృహ లేని రోగులు వచ్చారు, ముగ్గురి కంటిపాపలూ సూదిమొనలే. మొదటివారి బట్టలు చెమటతో తడిసి ఉన్నాయి, నోటి వెంట నురగ, ఛాతీలో గురగుర, తొడ కండరాల్లో అదురు, గుండె నిమిషానికి 52. రెండోవారి చర్మం పొడిగా ఉంది, ఛాతీ నిశ్శబ్దంగా ఉంది, కానీ ఊపిరి నిమిషానికి ఆరుసార్లే. మూడోవారికి ఊపిరి లయ తప్పింది, బీపీ 220 ఉంది, కాళ్లూ చేతులూ నాలుగూ బిగుసుకుపోయాయి, ఒళ్లు వేడిగా ఉంది, "అన్నం తింటూ ఒక్కసారిగా పడిపోయారు" అని కుటుంబం చెబుతోంది. కంటిపాప ముగ్గురి గురించీ ఒకే మాట చెప్పింది. తేడా చెప్పింది చర్మం, ఛాతీ, ఊపిరి లెక్క, రక్తపోటు, పడిపోయిన తీరు. మొదటివారికి ఎట్రోపిన్, రెండోవారికి నాలోక్సోన్, మూడోవారికి సీటీ స్కాన్ మొదటి అవసరాలు అవుతాయి. పాపను మాత్రమే చూసి ముగ్గురికీ పురుగుమందు వైద్యమే మొదలుపెడితే మూడోవారి విషయంలో విలువైన గంటలు పోతాయి. ముగ్గురికీ ఉమ్మడిగా కావలసింది మాత్రం ఒకటుంది: ఊపిరికి సాయం.

ఒక్క కన్నే చిన్నదైనప్పుడు

రెండు పాపల్లో కొద్ది తేడా ఉండటం మామూలే. ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరికి ఏ జబ్బూ లేకుండానే అటువంటి తేడా ఉంటుంది, అది సాధారణంగా ఒక మిల్లీమీటరు దాటదు. తేడా ఎక్కువగా ఉన్నప్పుడు, అసలు దోషం చిన్నపాపదా, పెద్దపాపదా అన్నదే మొదటి ప్రశ్న. దానికి వైద్యులు వెలుతురులో ఒకసారి, చీకటిలో ఒకసారి కొలుస్తారు.

ఉదాహరణకు ఒకరికి వెలుతురులో కుడిపాప 4, ఎడమపాప 3 మిల్లీమీటర్లు ఉండి, చీకటిలో కుడిది 7, ఎడమది 4.5 అయ్యాయనుకుందాం. తేడా ఒకటి నుంచి రెండున్నరకు పెరిగింది. అంటే ఎడమపాప విప్పుకోలేకపోతోంది, దోషం చిన్నపాపలోనే ఉంది. ఇంకొకరికి వెలుతురులో 5, 2.5 ఉండి చీకటిలో 7, 6.5 అయితే చిన్నపాప ఆరోగ్యంగానే ఉంది, పెద్దది కుదించుకోలేకపోతోంది. మూడోవారికి వెలుతురులోనూ, చీకటిలోనూ అర మిల్లీమీటరే తేడా ఉంటే అది పుట్టు తేడా కావడానికే అవకాశం ఎక్కువ.

మొదటి ఉదాహరణలోని వ్యక్తికి అదేవైపు రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు వాలి, ముఖంలో అటువైపు చెమట తగ్గితే దానిని హార్నర్ సిండ్రోమ్ అంటారు. స్విట్జర్లాండ్ కంటివైద్యుడు యోహాన్ ఫ్రీడ్రిష్ హార్నర్ 1869లో దీనిని వివరించాడు. ముందు చెప్పిన సింపథెటిక్ నాడి పొడవైన దారిలో ఎక్కడ తెగినా ఈ మూడు లక్షణాలూ రావచ్చు కాబట్టి, కంటి డాక్టరు తరచూ కంటికి దూరంగా వెతకవలసి వస్తుంది. ఏళ్ల తరబడి బీడీలు, చుట్టలు కాల్చిన మనిషికి భుజం, చేయి లోపలివైపు నొప్పితోపాటు ఇది వస్తే ఊపిరితిత్తి పైకొనలో గడ్డ ఉందేమోనని ఎక్స్‌రే, స్కాన్ తీస్తారు. బైకు ప్రమాదం తర్వాత మెడ నొప్పితో వస్తే కెరోటిడ్ ధమని లోపలి పొర చీలిందేమోనని చూస్తారు, ఎందుకంటే అటువంటి చీలిక పక్షవాతానికి దారితీయగలదు. మెడ శస్త్రచికిత్సలు, పుట్టేటప్పుడు భుజం దగ్గర నరాలు సాగిపోవడం, కొన్ని రకాల తీవ్రమైన ఒకవైపు తలనొప్పులు కూడా కారణాలే.

రెప్ప వాలడాన్ని చూడగానే మన ప్రాంతంలో మరో అనుమానం వస్తుంది: కట్లపాము. నేల మీద పడుకున్నవారిని రాత్రివేళ కరిచే ఈ పాము విషం వల్ల రెప్పలు వాలుతాయి, కానీ సాధారణంగా రెండూ వాలుతాయి, మింగడం, ఊపిరి కూడా కష్టమవుతాయి. కంటిపాపలు సూదిమొనలు కావు, విప్పారి ఉండటమూ ఉంది. రెప్ప పూర్తిగా వాలి, అదే కంటిపాప పెద్దదిగా ఉంటే మూడో కపాల నాడి నొక్కుకుపోయినట్టు, అది మెదడు రక్తనాళపు ఉబ్బు వల్ల కూడా కావచ్చు. వాలిన రెప్ప కింద పాప చిన్నదిగా ఉందా, పెద్దదిగా ఉందా అన్న ఒక్క విషయం రోగిని రెండు వేర్వేరు దారుల్లో నడిపిస్తుంది.

నొప్పితో ఎర్రబడిన కన్ను

ఒక కన్ను ఎర్రబడి, నొప్పి పెడుతూ, వెలుతురు చూడలేని స్థితిలో పాప చిన్నదిగా, అంచు వంకరటింకరగా ఉంటే ఐరిస్ వాచిందని అర్థం. వాచిన ఐరిస్ వెనకనున్న లెన్సుకు అతుక్కుపోతుంది. కండ్లకలక అనుకుని మెడికల్ షాపులో ఏవో చుక్కలు కొని వేసుకుంటూ ఉంటే ఆ అతుకులు శాశ్వతమవుతాయి. దీనికి కారణాలు ఎన్నో. వాటిలో వరిసాగు చేసేవారికి దగ్గరైనది ఎలుక జ్వరం. 1993లో మదురైలో వరదల తర్వాత ఎలుక జ్వరం సోకినవారిలో ఇటువంటి కంటివాపు పెద్ద సంఖ్యలో బయటపడింది. ఎలుకల మూత్రం కలిసిన బురదనీటిలో కాళ్లు నానే ఏ డెల్టా ప్రాంతానికైనా, పెన్నా కాలువల కింది మడులకైనా ఇది వర్తిస్తుంది. పురుగుమందు విషానికి ఇచ్చే ఎట్రోపిన్‌నే ఇక్కడ చుక్కల రూపంలో వేసి, పాపను విప్పి, అతుకులను వదిలిస్తారు.

చిన్న కంటిపాపల్లో మరొకటి ఇప్పుడు అరుదు. పాపలు చిన్నవిగా, ఎగుడుదిగుడుగా ఉండి, లైటు వేస్తే కదలకుండా, దగ్గరి వస్తువును చూసినప్పుడు మాత్రం కుదించుకుంటే అది ముదిరిన సిఫిలిస్ నాడులను తాకిన గుర్తు. స్కాట్లాండ్ వైద్యుడు ఆర్గైల్ రాబర్ట్‌సన్ దీనిని వివరించినది కూడా 1869లోనే. పెన్సిలిన్ వచ్చాక ఇది బాగా తగ్గింది. ఇప్పుడు ఇటువంటి పాపలు కనిపిస్తే షుగరు వల్ల దెబ్బతిన్న నరాలను కూడా లెక్కలోకి తీసుకుంటారు.

చుక్కల మందులు, శుక్లం ఆపరేషన్లు

పైలోకార్పిన్ అనే చుక్కల మందు ఎసిటైల్‌కోలిన్‌ను అనుకరించి పాపను కుదిస్తుంది. నీటికాసుల వ్యాధికి దానిని తరతరాలుగా వాడారు, ఇప్పుడు మెరుగైన మందులు రావడంతో వాడకం తగ్గింది. అదే మందు చత్వారానికి చికిత్సగా మళ్లీ వార్తల్లోకి వచ్చింది. చిన్న రంధ్రం గుండా చూస్తే దగ్గరి అక్షరాలు స్పష్టపడతాయన్నదే అందులోని సూత్రం. అమెరికా 2021లో అటువంటి చుక్కలకు అనుమతి ఇచ్చింది. మన దేశంలో 2024 ఆగస్టులో ఒక కంపెనీకి వచ్చిన అనుమతిని, ప్రచారంలో అనుమతి లేని మాటలు చెప్పారన్న కారణంతో ఔషధ నియంత్రణ సంస్థ సెప్టెంబరులో నిలిపివేసింది. కళ్లద్దాలు పెట్టుకోలేని కొందరికి కొన్ని గంటలపాటు ఉపయోగపడుతుందన్నది అనుకూలుర వాదన. రాత్రిపూట చూపు మసకబారడం, తలనొప్పి, అరుదుగా రెటీనా చిరగడం వంటి నష్టాలతో పోలిస్తే ఆ ప్రయోజనం చాలదన్నది మరో వాదన. చీకటిపడ్డాక హైవే మీద బండి నడిపేవారికి రెండో వాదన బలంగా కనిపిస్తుంది.

శుక్లం ఆపరేషన్‌కు పాప బాగా విప్పారాలి. ప్రోస్టేట్ ఇబ్బందికి వృద్ధులు వాడే టామ్సులోసిన్ విప్పే కండరాన్ని మొద్దుబారుస్తుంది. ఆపరేషన్ మధ్యలో ఐరిస్ వదులై అలల్లా కదులుతూ పాప కుదించుకుపోవడాన్ని ఈ మందుతో ముడిపెట్టి 2005లో తొలిసారి వివరించారు. మందు మానేసిన చాలాకాలం తర్వాత కూడా ఈ ప్రభావం ఉండవచ్చు కాబట్టి, మానేసి రావడంకన్నా, వాడిన సంగతి సర్జన్‌కు ముందే తెలియడం ముఖ్యం. అప్పుడు ఆయన పాపను పట్టి ఉంచే చిన్న కొక్కేలనో వలయాలనో సిద్ధం చేసుకుంటారు. షుగరు దీర్ఘకాలంగా ఉన్నవారిలోనూ, వృద్ధాప్యంలో లెన్సుపై తెల్లని పొట్టు పేరుకునేవారిలోనూ పాప ఇలాగే మొండికేస్తుంది.

పైలోకార్పిన్ చుక్కలు అత్యవసర వైద్యాన్ని కూడా తికమకపెట్టగలవు. బుచ్చిరెడ్డిపాళెంలో డెబ్భై ఏళ్ల పెద్దాయన ఒకరు స్నానాలగదిలో జారిపడి తలకు దెబ్బతగిలి వచ్చారనుకుందాం. ఆయన రెండు పాపలూ ఒకటిన్నర మిల్లీమీటర్లే. పుర్రె లోపల రక్తం గడ్డకట్టి ఒత్తిడి పెరిగితే సాధారణంగా ఆవైపు పాప పెద్దదవుతుంది. వార్డులో గంటగంటకూ నర్సులు లైటు వేసి చూసేది ఆ మార్పు కోసమే. కానీ ఆయన నీటికాసులకు ఉదయమే పైలోకార్పిన్ వేసుకుని ఉంటే, మందు బిగించిన పాప లోపల ఒత్తిడి పెరిగినా విప్పుకోకపోవచ్చు. చుక్కల సంగతి తెలియని వైద్యుడు ఒకవైపు ఆ సూదిమొన పాపలను చూసి పాన్స్ రక్తస్రావం కోసమో, మత్తుమందు కోసమో వెతుకుతారు, మరోవైపు పాప మారలేదు కదా అని నిశ్చింతగా ఉండే ప్రమాదమూ ఉంది. తెలిసిన వైద్యుడు పాపను పక్కన పెట్టి, స్పృహ స్థాయినీ, కాళ్లూ చేతుల బలాన్నీ, సీటీ స్కాన్‌నూ ఆధారం చేసుకుంటారు.